మా వాడి ఫుట్‌బాల్ సీజన్: ఆగస్టు ఎండ నుంచి కంకషన్ ఫారం మీద సంతకం దాకా

2025 నవంబరు 6న మా అబ్బాయి ఆఖరి మ్యాచ్ అయిపోయింది. డాలస్‌కి ఉత్తరాన మేముండే ఊళ్లో తెలుగువాళ్లకి కొదవ లేదు. హైస్కూల్లో అమెరికన్ ఫుట్‌బాల్ (మన ఫుట్‌బాల్ కాదు, హెల్మెట్, ప్యాడ్లు వేసుకుని గుద్దుకుంటూ ఆడేది) ఆడే తెలుగు పిల్లలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. సీజన్ మొదట్లో ఎవరినైనా అడిగి తెలుసుకుందామంటే మనవాళ్లెవరూ దొరకలేదు. వచ్చే ఏడు ఏ అమ్మో నాన్నో నాలాగే వెతుక్కుంటారు కదా, వాళ్ల కోసం రాస్తున్నాను.

వాడు పదకొండో తరగతి. 5 అడుగుల 10 అంగుళాలు, ఆగస్టులో బరువు 172 పౌండ్లు. జూనియర్ వర్సిటీలో, అంటే స్కూలు రెండో స్థాయి జట్టులో, లైన్‌బ్యాకర్. బంతి పట్టుకుని పరుగెత్తేవాణ్ణి గుద్ది పడేయడం (దీన్నే ట్యాకిల్ అంటారు) వాడి పని. అక్కడిదాకా చేరాలంటే ముందు తనను ఆపడానికి వచ్చే 250 పౌండ్ల పిల్లవాణ్ణి తోసుకుని దాటాలి. ఒక్కో ప్లే, అంటే ఒక్కో విడత ఆట, అయిదారు సెకన్లలో అయిపోతుంది. లేచి, వరసలో నిలబడి, మళ్లీ గుద్దుకోవాలి. మ్యాచ్‌కి 45, 50 సార్లు ఇదే. పైనుంచి చూసేవాళ్లకి పెద్ద దెబ్బలే కనిపిస్తాయి. ఒంటిని అరగదీసేది మాత్రం ఎవరూ చప్పట్లు కొట్టని ఈ మామూలు గుద్దులే.

కాగితాల పని మే నెలలోనే మొదలైంది. స్కూలు జిమ్‌లో ఒక శనివారం అందరికీ కలిపి ఫిజికల్ (ఆరోగ్య పరీక్ష) పెట్టారు, 25 డాలర్లు. కంకషన్ (దెబ్బకి మెదడు కుదుపుకి లోనవడం) గురించి చదివామని ఒక సంతకం, స్టెరాయిడ్లు వాడనని ఒకటి, గుండె హఠాత్తుగా ఆగిపోవడం గురించి ఇంకొకటి. ఈ గుండె ఫారంలో ఈసీజీ కావాలంటే చేయించుకోవచ్చని ఉంటుంది. చాలామంది చూడకుండా సంతకం పెట్టేస్తారు. నేను 65 డాలర్లు పెట్టి చేయించాను. 2023 జనవరి 2న, ఇక్కడి ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆడే డామర్ హ్యామ్లిన్ ట్యాకిల్ చేసి లేచి నిలబడి, అంతలోనే గుండె ఆగి కూలిపోవడం మా ఇంట్లో అందరం టీవీలో చూశాం. అయితే అలాంటి ప్రమాదాన్ని ఈసీజీ ముందుగా పట్టుకోలేదట. ఆరోగ్యంగా ఉన్న గుండెకి కూడా, అది కొట్టుకునే తీరులో సరిగ్గా ఒక సున్నితమైన క్షణంలో ఛాతీ మీద దెబ్బ పడితే లయ తప్పవచ్చు. అప్పుడు కాపాడేవి వెంటనే చేసే సీపీఆర్, దగ్గరలో ఉన్న ఏఈడీ (గుండెకి షాక్ ఇచ్చి లయని సరిచేసే యంత్రం). మైదానం దగ్గర ఏఈడీ ఎక్కడ పెడతారో మొదటి రోజే అడిగి, వెళ్లి కళ్లతో చూసి వచ్చాను. మీరూ చూసుకోండి.

జులై ఆఖరి వారంలో హెల్మెట్, షోల్డర్ ప్యాడ్లు స్కూలే ఇచ్చింది. హెల్మెట్ కొలత చూడటానికి ఒక్కో పిల్లవాడికి పది నిమిషాలు పట్టింది, అంతసేపూ పట్టాలి కూడా. ముందు అంచు కనుబొమలకి రెండు వేళ్ల పైన ఉండాలి. దవడ ప్యాడ్లు బుగ్గలకి ఆనాలి. ముఖం ముందుండే ఊచలు పట్టుకుని కుడికీ ఎడమకీ తిప్పితే హెల్మెట్‌తో పాటు నుదుటి చర్మం కదలాలి. చర్మం కదలకుండా హెల్మెట్ ఒక్కటే జారితే అది వదులు. లోపలుండే గాలి తిత్తుల్ని చిన్న పంపుతో నింపుతారు. గడ్డం పట్టీకి నాలుగు గుండీలుంటాయి, నాలుగూ పెట్టాల్సిందే. మాకు తెలియనిది ఒకటుంది. ఆగస్టు 2న వాడు జుట్టు బాగా పొట్టిగా కత్తిరించుకుని వచ్చాడు, 4వ తేదీ పొద్దునకి హెల్మెట్ తల మీద ఊగుతోంది. క్షవరం అయిన ప్రతిసారీ, చలి ముదిరి గాలి తగ్గిన ప్రతిసారీ మళ్లీ సరిచూడాలి.

హెల్మెట్ వెనక అంటించిన హెచ్చరిక ఇంటికి తెచ్చిన రోజే చదివాను. తలకి, మెడకి తగిలే దెబ్బలన్నిటినీ ఏ హెల్మెట్టూ ఆపలేదని దాని సారాంశం. పుర్రె పగలకుండా కాపాడటం దాని పని. లోపల ద్రవంలో తేలుతున్న మెదడు ఊగి కుదుపుకి లోనవడాన్ని అది ఆపలేదు.

మేం కొన్నవి క్లీట్స్ (అడుగున మేకుల్లాంటివి ఉండే బూట్లు), తొడలకీ నడుముకీ ప్యాడ్లు కుట్టిన గర్డిల్, మౌత్‌గార్డులు. మౌత్‌గార్డు తెల్లగా, పారదర్శకంగా ఉండకూడదు, రంగుది కావాలి. వేడినీళ్లలో మెత్తబరిచి పళ్లకి అచ్చు పడేలా కొరికించే రకం తీసుకున్నాం. పిల్లలు వాటిని చూయింగ్ గమ్‌లా నములుతారు. నాలుగు మార్చాల్సి వచ్చింది.

ప్రాక్టీసు ఆగస్టు 4, సోమవారం పొద్దున 7 గంటలకి మొదలైంది. మొదటి రెండు రోజులు నిక్కరు, టీషర్టు, హెల్మెట్ మాత్రమే. మూడో రోజు, నాలుగో రోజు షోల్డర్ ప్యాడ్లు కలిశాయి. అయిదో రోజు, 8వ తేదీన, మొత్తం సామగ్రితో దిగారు. ఒళ్లు ఎండకి అలవాటు పడాలని టెక్సస్‌లో పెట్టిన నియమం ఇది. నాకు ముందు ఇదంతా అతి జాగ్రత్త అనిపించింది. 8వ తేదీ వాణ్ణి చూశాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను. ప్యాడ్లు చెమట ఆరనివ్వవు, తలలోని వేడిని హెల్మెట్ బయటికి పోనివ్వదు, కింద ప్లాస్టిక్ గడ్డి గాలికంటే ఎంతో వేడిగా కాగుతుంది. క్లీట్స్ అడుగునుంచి పాదాలు కాలుతున్నాయని వాడు మొదటి రోజే అన్నాడు.

ప్రాక్టీసుకి ముందూ వెనకా బరువు తూచి కాగితం మీద రాస్తారు. 8వ తేదీన వాడు 5 పౌండ్లు తగ్గి వచ్చాడు. అదంతా నీరే. తగ్గిన ఒక్కో పౌండుకి 600 నుంచి 700 మిల్లీలీటర్లు తాగించాలన్నారు. అంటే ఆ ఒక్క సాయంత్రమే మూడు లీటర్ల పైన. ఒక్కసారిగా తాగితే కడుపు తిప్పుతుంది, పడుకునేదాకా కొంచెం కొంచెంగా పట్టాలి. మూడో రోజు రాత్రి రెండు గంటలకి పిక్కలు పట్టేసి కేక పెట్టాడు. వట్టి నీళ్లే తాగాడని, చెమటలో పోయిన ఉప్పు తిరిగి రాలేదని స్కూలు అథ్లెటిక్ ట్రైనర్ గారు చెప్పారు. మర్నాటినుంచి పెద్ద సీసాడు మజ్జిగలో అర చెంచాడు ఉప్పు కలిపి పంపాను. కార్లో ఎక్కగానే అదే ముందు తాగేవాడు. పిక్కలు మళ్లీ పట్టలేదు.

ఒక జాగ్రత్త. గట్టి ప్రాక్టీసు తర్వాత మూత్రం డికాక్షన్ రంగులో వస్తే నీళ్లు తాగి సర్దుకుంటుందిలే అని ఊరుకోకండి. కండరాలు చితికి ఆ సరుకు కిడ్నీల మీద పడినప్పుడు అలా వస్తుంది, అదే రోజు డాక్టరుకి చూపించాలి. మైదానం పక్కనే ఐసునీళ్లు నింపిన తొట్టి ఒకటి సిద్ధంగా ఉంచుతారు. ఎండదెబ్బ తగిలి పిల్లవాడు తడబడుతూ మాట్లాడితే ముందు అందులో ముంచి చల్లబరచాలి, తర్వాతే ఆస్పత్రికి. ఈ వరస తప్పితే ప్రాణం మీదికి వస్తుంది.

ఇక్కడ అథ్లెటిక్ ట్రైనర్ అంటే జిమ్‌లో కసరత్తు చేయించే మనిషి కాదని నాకు ఆగస్టులోనే అర్థమైంది. ఆవిడ లైసెన్సు ఉన్న వైద్య నిపుణురాలు. సీజన్ మొత్తంలో మాకు ఎక్కువ పని పడింది కోచ్‌తో కాదు, ఆవిడతోనే. మొదటి వారంలోనే ఆవిడ నంబరు తీసుకుని పెట్టుకోండి.

ఆగస్టు 19న ఎవరిదో మోకాలు వచ్చి వాడి ఎడమ తొడ మీద గుద్దింది. సాయంత్రానికి తొడ రాయిలా బిగిసిపోయింది. గుంటూరు నుంచి మా అమ్మ వీడియో కాల్‌లో చూసి, "ఆముదం రాసి బాగా మర్దన చేసి కాపడం పెట్టవే" అంది. నేనూ అదే చేసేదాన్ని. ట్రైనర్ గారు రెండూ వద్దన్నారు. కండరం లోపల నెత్తురు చిమ్ముతున్నప్పుడు మర్దన, వేడి దాన్ని ఇంకా పెంచుతాయి. ఆ నెత్తురుగడ్డ కొన్ని వారాల్లో కండరంలోనే ఎముకలా గట్టిపడే ప్రమాదం ఉంది. ఆవిడ వాడి మోకాలిని ఓర్చుకోగలిగినంత మడిచి, అలాగే సాగే బ్యాండేజీతో చుట్టి, మీద ఐసు పెట్టారు. ఆ రాత్రి కాలు మడిచే పడుకున్నాడు. మర్నాడు మోకాలు దాదాపు పూర్తిగా వంగింది. తొమ్మిది రోజులు ప్రాక్టీసు పోయింది, ఆగస్టు 28న మొదటి మ్యాచ్ నాటికి దిగగలిగాడు.

సెప్టెంబరు 4న ఉంగరం వేలు ఎదుటివాడి జెర్సీలో చిక్కుకుని లాగేసింది. వేళ్ల దెబ్బల్లో ఒక్క విషయం చూసుకోండి. కొస కణుపు వాడంతట వాడు మడవగలడా, చాపగలడా? మడవలేకపోతే వేలిని మడిచే టెండన్ (కండరాన్ని ఎముకకి కలిపే తాడులాంటిది) తెగి ఉండొచ్చు, అది రోజుల్లో ఆపరేషన్ చేయాల్సిన పని. మా వాడు మడవగలిగాడు. ఎక్స్‌రే తీయించి, పక్క వేలితో కలిపి టేపు చుట్టారు.

సెప్టెంబరు 11న స్టింగర్. ట్యాకిల్ చేస్తుంటే తల ఒకవైపుకి, భుజం ఇంకోవైపుకి వంగి మెడ దగ్గరి నరాలు సాగాయి. కుడి చేతిలో మెడనుంచి వేళ్లదాకా కరెంటు పాకినట్టు మంట, రెండు నిమిషాలు చెయ్యి వేలాడిపోయింది. తర్వాత తిరిగి వచ్చింది. మెడ అన్నివైపులా నొప్పి లేకుండా తిరిగి, భుజం, మోచెయ్యి, పిడికిలి బలం రెండుపక్కలా సమానమయ్యాకే మళ్లీ పంపారు. ఒక చేతికే వస్తే స్టింగర్ అనుకోవచ్చు. రెండు చేతులకీ వచ్చినా, కాళ్లు తిమ్మిరెక్కినా, మెడ ఎముక మీద నొక్కితే నొప్పి ఉన్నా అది వెన్నుపాము సంగతి. పిల్లవాణ్ణి కదపకూడదు, మనం పరుగెత్తుకెళ్లి హెల్మెట్ లాగకూడదు.

ఇవి కాక మోచేతుల మీద గడ్డి ఒరుసుకున్న పుండ్లు ఎప్పుడూ ఉండేవి. సబ్బు నీళ్లతో కడిగి, వాజలీన్ రాసి, అంటుకోని కట్టు వేయాలి. ప్యాడ్లు బ్యాగులోనే వదిలేస్తే ఆ పుండ్లలోకి చర్మపు ఇన్‌ఫెక్షన్ పాకుతుంది. గర్డిల్ ప్రతి రాత్రీ ఉతకాల్సిందే.

సెప్టెంబరు 25, గురువారం. వేరే ఊళ్లో మ్యాచ్, మూడో క్వార్టర్. బంతి పట్టుకున్నవాడు కిందికి వంగి దూసుకొచ్చాడు. మా వాడు ఆఖరి క్షణంలో కళ్లు దించేశాడు. ట్యాకిల్‌లో మొదట నేర్పేదే అది. తల ఎత్తి, గుద్దేచోటుని చూస్తూ, తలని పక్కకి పెట్టి భుజంతో తగలాలి. కళ్లు నేలకి దించితే మెడ వంపు పోయి నిటారవుతుంది, నడినెత్తి ముందుకొస్తుంది, దెబ్బ నేరుగా మెడలోకి దిగుతుంది. మెడకి ఏమీ కాలేదు, అదే మా పుణ్యం. మా వాడి హెల్మెట్ పక్కభాగం ఎదుటివాడి మోకాలికి తగిలింది.

వాడు లేచాడు. నేను చప్పట్లు కొట్టాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది. ఇంకో రెండు ప్లేలు ఆడాడు కూడా. రెండోదానిలో తప్పుపక్కన నిలబడ్డాడు. పక్కనున్న పిల్లవాడు గమనించి ట్రైనర్ గారికి చేయి ఊపాడు. స్టాండ్‌లో కూర్చున్న మాకెవరికీ ఏమీ తెలియలేదు. కంకషన్ అయితే స్పృహ తప్పుతుందనుకునేదాన్ని. చాలాసార్లు తప్పదట.

ఆవిడ ముందు హెల్మెట్ తీసేసుకుని తన దగ్గర పెట్టుకున్నారు, మళ్లీ లోపలికి ఉరక్కుండా. మనం ఏ మైదానంలో ఉన్నాం, ఆఖరి పాయింట్లు ఎవరివి, పోయిన వారం ఎవరితో ఆడాం, గెలిచామా అని అడిగారు. వాడు పోయిన వారం జట్టు పేరు చెప్పలేకపోయాడు. నెలల పేర్లు వెనకనుంచి చెప్పమంటే అక్టోబరు దగ్గర ఆగిపోయాడు. పది పదాలు చెప్పి కాసేపాగి అడిగితే మూడు గుర్తున్నాయి. అంతే, ఆ రోజుకి ఆట లేదు. టెక్సస్‌లో 2011 నుంచి ఇది చట్టం. కంకషన్ అనుమానం వస్తే అదే రోజు తిరిగి ఆడించకూడదు, డాక్టరు చూడాలి, ఎప్పుడు తిరిగి ఆడాలో కోచ్ ఒక్కడూ తేల్చకూడదు. వెనక కూర్చున్న ఒక పెద్దాయన, "మా రోజుల్లో లేచి దులుపుకుని ఆడేవాళ్లం" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. కానీ మొదటి దెబ్బ మానకముందే రెండోది పడితే మెదడు ఉబ్బి ప్రాణం పోయిన పిల్లలున్నారని ఆ రాత్రి ఇచ్చిన కాగితంలో రాసి ఉంది.

ఇంటికి వచ్చాక రాత్రి 10:20కి వాంతి చేసుకున్నాడు. ట్రైనర్ గారికి ఫోన్ చేస్తే ఎమర్జెన్సీకి వెళ్లమన్నారు. 11 గంటలకి చేరాం, డాక్టరు చూసేసరికి 2:40. ఆ మూడు గంటల నలభై నిమిషాలూ తెల్లటి ట్యూబ్‌లైట్ల కింద వాడు నా ఒళ్లో తల దాచుకుని కూర్చున్నాడు. పదహారేళ్లవాడు అలా కూర్చుని ఎన్నాళ్లయిందో. మీరు వెళ్తే నల్లకళ్లద్దాలు, ఒక టోపీ తీసుకెళ్లండి.

స్కాన్ చేయలేదు. మొదట కోపం వచ్చింది. డాక్టరమ్మ ఓపికగా చెప్పారు. సీటీ స్కాన్ నెత్తురు కారుతోందా, ఎముక విరిగిందా అని చూడటానికే, కంకషన్ అందులో కనపడదు. ఒక్క వాంతే, అది ఆగింది, తలనొప్పి పెరగట్లేదు, కాబట్టి అనవసరంగా రేడియేషన్ ఎందుకు, గమనిస్తే చాలు అన్నారు. మొదటి రోజు ఐబుప్రొఫెన్ వద్దు, అది నెత్తురు కారడాన్ని పెంచవచ్చు, టైలెనాల్ (పారాసిటమాల్) ఇవ్వమన్నారు. గంటగంటకీ లేపక్కర్లేదు, పడుకోనివ్వమన్నారు. తలనొప్పి పెరుగుతూ పోయినా, మళ్లీ మళ్లీ వాంతులైనా, మాట తడబడినా, ఒక కంటిపాప పెద్దదైనా, లేపితే లేవకపోయినా వెంటనే తిరిగి రమ్మన్నారు.

స్పోర్ట్స్ మెడిసిన్ డాక్టరుకి శుక్రవారం పొద్దున 8కే ఫోన్ చేశాను. దొరికిన మొదటి అపాయింట్‌మెంట్ మంగళవారం, 30వ తేదీ. ఈలోపు చీకటి గదిలో కదలకుండా పడుకోబెట్టాలేమో అనుకున్నాను. అది పాత పద్ధతట. మొదటి రెండు రోజులు ఫోను, టీవీ, వీడియో గేములు బంద్, విశ్రాంతి. మూడో రోజునుంచి పావుగంట మెల్లగా నడక, తలనొప్పి పెరిగితే ఆపడం. రెండు రోజులు ఫోను లేకుండా ఆ వయసు పిల్లవాడితో గడపడం ఎంత కష్టమో చెప్పలేను. పాత తెలుగు పాటలు సన్నగా పెట్టి పక్కన కూర్చున్నాను.

రోజూ ఒక కాగితం నింపాలి. అందులో తలనొప్పి, వెలుతురు పడకపోవడం, చిరాకు, నిద్ర, మసక, ఏకాగ్రత ఇలా 22 లక్షణాలు. ఒక్కోదానికి 0 నుంచి 6 దాకా మార్కు. గరిష్ఠం 132. 26వ తేదీన మా వాడికి 54. నాలుగో రోజు 31. అక్టోబరు 1న వాడు తన కాగితం మీద 6 వేసుకున్నాడు. నాకు సంతోషం వేయాలి కదా, వేయలేదు. అదే సాయంత్రం స్నానాల గదిలో లైటు వేయకుండా గోడకి తల ఆనించి నిలబడి ఉన్నాడు. అడిగితే, "అమ్మా, నేను నిజం రాస్తే నా స్థానం పోతుంది" అన్నాడు.

ఈ ఆటలో నొప్పిని బయటపెట్టకపోవడమే మగతనం అని పిల్లలకి పదో ఏటినుంచే ఎక్కుతుంది. తొడ దెబ్బకి ఆ ఓర్పు పనికొస్తుందేమో, మెదడు దెబ్బకి అదే శత్రువు. ట్రైనర్ గారికి ఇదంతా తెలుసు. అందుకే మమ్మల్ని వేరుగా ఇంకో కాగితం నింపి పంపమన్నారు. మా అంకె ఆ రోజు 24. ఆవిడ వాణ్ణి తిట్టలేదు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూపించి, "నీ స్థానం ఎక్కడికీ పోదు, నాకు సరైన అంకె కావాలి" అన్నారట. ఆ తర్వాత వాడి కాగితం, మా కాగితం దాదాపు కలిశాయి.

30వ తేదీ డాక్టరు దగ్గర తెలిసిన కొత్త సంగతి కళ్లది. ఒక పుల్లని ముక్కు వైపు జరుపుతూ ఎప్పుడు రెండుగా కనిపిస్తుందో చెప్పమన్నారు. మామూలుగా 6 సెంటీమీటర్ల దగ్గరదాకా ఒకటిగానే కనిపించాలి. వాడికి 14 దగ్గరే రెండైంది. పుస్తకం పట్టగానే తలనొప్పి ఎందుకొస్తోందో అప్పుడు అర్థమైంది. థెరపిస్టు దారానికి రంగు పూసలు గుచ్చి, ఒక కొస ముక్కు దగ్గర పట్టుకుని ఒక్కో పూసనీ చూసే వ్యాయామం ఇచ్చారు. రోజుకి రెండుసార్లు, అయిదేసి నిమిషాలు. రెండు వారాల్లో 7కి వచ్చింది.

స్కూలుకి 29వ తేదీనుంచి సగం రోజే పంపాం. డాక్టరు కాగితం చూపిస్తే కౌన్సిలర్ పరీక్షలు వాయిదా వేశారు. ఇరవై నిమిషాలు చదువు, పది నిమిషాలు విశ్రాంతి. భోజనం కెఫెటీరియా రొదలో కాకుండా లైబ్రరీలో. కారు నడపకూడదు. అక్టోబరు 2 దసరా, గుడికి తీసుకెళ్తే మైకుల మోతకి పావుగంటలో తల పట్టుకున్నాడు, ప్రసాదం కూడా తీసుకోకుండా వెనక్కి వచ్చేశాం.

ఆ వారాల్లో రాత్రుళ్లు నేను చదవకూడనివన్నీ చదివాను. పిట్స్‌బర్గ్ ఆటగాడు మైక్ వెబ్‌స్టర్ 2002లో చనిపోతే డాక్టర్ బెనెట్ ఒమాలు ఆయన మెదడులో సీటీఈ (తలకి మళ్లీ మళ్లీ తగిలే దెబ్బలతో మెదడు క్షీణించే జబ్బు) కనిపెట్టడం, 2017లో బోస్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు పరీక్షించిన 111 మంది ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్ల మెదళ్లలో 110కి అది ఉండటం. అవి లక్షణాలున్నవాళ్ల కుటుంబాలు ఎక్కువగా దానం చేసిన మెదళ్లు కాబట్టి అందరికీ ఆ లెక్క వర్తించదని డాక్టరు వివరించారు. కానీ ఎన్నేళ్లు ఆడారన్నది లెక్కలోకి వస్తుందని, పెద్ద కంకషన్లే కాదు, లక్షణం చూపించని మామూలు గుద్దులు కూడా కలుస్తాయని కూడా దాచకుండా చెప్పారు. వారానికి ఒక్కో పిల్లవాడికి పూర్తి కాంటాక్ట్ ప్రాక్టీసు (ఒకరినొకరు నిజంగా గుద్దుకునేది) ఇన్ని నిమిషాలకి మించకూడదన్న నియమం ఎందుకో నాకు అప్పుడు బోధపడింది. ఆ పరిమితిని నిజంగా పాటిస్తున్నారా అని అడిగే హక్కు మనకి ఉంది. నేను అడిగాను, సమాధానం మర్యాదగానే వచ్చింది.

అక్టోబరు 8న అంకె సున్నా. అదే రోజు, సీజన్‌కి ముందు చేసిన కంప్యూటర్ పరీక్ష మళ్లీ చేశారు. ఇరవై నిమిషాల పైన పడుతుంది, జ్ఞాపకం, స్పందించే వేగం ఆగస్టు అంకెలతో పోలుస్తారు. కొందరు పిల్లలు ఆగస్టులో కావాలనే తప్పులు చేస్తారట, తర్వాత దెబ్బ తగిలినా తేడా కనపడకూడదని. మీ పిల్లలతో ముందే మాట్లాడండి. 9న డాక్టరు సంతకం పెట్టారు. తిరిగి ఆటలోకి మెట్టుమెట్టుగా రావడం అప్పుడు మొదలు, ఒక్కో మెట్టుకి కనీసం 24 గంటలు.

10న ఒకేచోట నిలబడి ఉండే వ్యాయామ సైకిల్ మీద 10 నిమిషాలు. 13న హెల్మెట్ లేకుండా 20 నిమిషాల పరుగు. రెండూ బాగానే గడిచాయి. 14న పూర్తి దుస్తులతో, ఎవరినీ తగలకుండా డ్రిల్స్. తల అటూ ఇటూ గబగబా తిప్పుతూ బంతిని వెతికే డ్రిల్‌లో తలనొప్పి తిరిగొచ్చింది. ఈసారి వాడే వెళ్లి చెప్పాడు. ఇంటికొచ్చి గదిలో ఏడ్చాడు. నేను వాడి ముందు ఏడవలేదు, గ్యారేజీలోకి వెళ్లాను. 15న విశ్రాంతి, 16న మళ్లీ పరుగు, 17న మళ్లీ డ్రిల్స్, ఏమీ కాలేదు. మెట్టు వెనక్కి దిగడం ఓటమిలా అనిపిస్తుంది కానీ డాక్టరు లెక్కలో అది మామూలే.

పూర్తి కాంటాక్ట్ ప్రాక్టీసు 20న పడింది. దీపావళి. ఇంట్లో దీపాలు పెట్టి, వాకిట్లో కూర్చుని ఫోను చూస్తూ ఉన్నాం. 7:10కి కార్లో ఎక్కి, "ఏం లేదమ్మా, నిజంగానే ఏం లేదు" అన్నాడు. మర్నాడు పొద్దున కాగితం మళ్లీ సున్నా. 22న ఆఖరి ఫారం. అందులో డాక్టరు, ట్రైనర్ పని పూర్తయ్యాక తల్లి గానీ తండ్రి గానీ సంతకం పెట్టాలి, అన్నీ తెలిసే ఒప్పుకుంటున్నామని. వాళ్ల నాన్న పెన్ను నాకిచ్చారు, నేను ఆయనకిచ్చాను. చివరికి నేనే పెట్టాను. 23న 12 ప్లేలు ఆడాడు. దెబ్బ తగిలి సరిగ్గా 28 రోజులు, మూడు మ్యాచ్‌లు పోయాయి.

ఖర్చు చెబుతాను. సీజన్ మొదట్లో ఫిజికల్ 25, ఈసీజీ 65, ప్రాక్టీసు బట్టల కట్ట 135, క్లీట్స్ 95, గర్డిల్ 50, మౌత్‌గార్డులు నాలుగు 72. మొత్తం 442 డాలర్లు. దెబ్బల ఖర్చు, ఇన్సూరెన్స్ పోగా మా వాటా: ఎమర్జెన్సీ 1,380, అక్కడి డాక్టరు బిల్లు విడిగా 310, వేలి ఎక్స్‌రే 85, స్పోర్ట్స్ డాక్టరు మూడు సార్లకి 180, థెరపీ రెండు సార్లకి 120. మొత్తం 2,075. ఎమర్జెన్సీ డాక్టరు బిల్లు ఆస్పత్రి బిల్లు వచ్చిన రెండు వారాలకి వేరే కవర్లో వచ్చింది, అది కూడా ఉంటుందని నాకు తెలియదు. స్కూలుకి అథ్లెటిక్ ఇన్సూరెన్స్ ఉంది, కాని మన ఇన్సూరెన్స్ కట్టగా మిగిలినదానికే వర్తిస్తుంది. క్లెయిమ్ ఫారంలో ఒక భాగం స్కూలు నింపాలి, మన ఇన్సూరెన్స్ పంపిన లెక్కల కాగితం జతచేయాలి, గడువు ఉంటుంది. దెబ్బ తగిలిన వారంలోనే ఫారం అడిగి తీసుకోండి. మాది పంపాం, డబ్బు ఇంకా రాలేదు.

నవంబరు 10న హెల్మెట్, ప్యాడ్లు వెనక్కి ఇచ్చేశాడు. ఆ రోజు బరువు 161 పౌండ్లు. మెడ బలం కోసం ట్రైనర్ గారు ఒక వ్యాయామం ఇచ్చారు. అరచేత్తో తలని ఆపుతూ ముందుకి, వెనక్కి, రెండు పక్కలకి నెట్టాలి, ఒక్కోవైపు పది సెకన్లు, వారానికి మూడు రోజులు. గోడ మీద కాగితం అంటించుకుని టిక్కులు పెట్టుకుంటున్నాడు. వచ్చే ఏడు ఆడతానంటున్నాడు. మేం ఇంకా అవుననలేదు, కాదనలేదు. మే నెల ఫిజికల్ ఫారంలో కంకషన్ ఎన్నిసార్లు అయింది, ఆఖరిది ఎప్పుడు అనే గళ్లుంటాయి. కాగితాలన్నీ ఒక ఫైల్లో పెట్టాను, దాని పైన వాడే రాశాడు: 1, సెప్టెంబరు 25, 2025.